ప్లాటర్ ఫైళ్ళ మార్పిడిలో కొలతలు తప్పుతున్నాయి

సంపాదకుల వారికి,

నమస్కారం. పాత ఇంజనీరింగ్ డ్రాయింగుల ఫైళ్ళను ఇప్పటి ప్రింటర్లలో ముద్రించుకోవడం గురించి మీ సాంకేతిక అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పెన్నుతో కాగితం మీద బొమ్మ గీసే యంత్రాలైన పెన్ను ప్లాటర్లు మూలనపడ్డాయి కదా అని వాటి కోసం తయారైన ఫైళ్ళను చెరిపేయవద్దని, లేజర్ ప్రింటర్‌లోనూ వాటిని తీసుకోవచ్చని చెప్పినందుకు రచయితను మెచ్చుకోవాలి. అయితే ఫైలును దొరికిన కన్వర్టర్‌లో వేసి, పీడీఎఫ్‌గా మార్చి, కాగితానికి సరిపడేలా ముద్రిస్తే పని పూర్తయినట్టే అన్న ధోరణిలో ఆ వ్యాసం ముగిసింది. డ్రాయింగ్ విభాగంలో చాలాకాలంగా ఈ పనే చేస్తున్నవాడిగా ఆ మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. అలా వచ్చిన కాగితంలో గీతలన్నీ కనిపిస్తాయి గాని స్కేలు సరిగా ఉందన్న భరోసా ఉండదు. ఏ గీత దేనికి గుర్తో చెప్పే మందాలు, రంగులు మాయమై ఉంటాయి. పాత కాగితం పక్కన పెట్టుకుని చూసేదాకా ఆ తేడా ఎవరికీ తెలియదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఆ ఫైలులో ఏముంటుందో ఒకసారి చూడాలి. ఫొటో ఫైలులో చుక్కల రంగులు ఉంటాయి. ప్లాటర్ ఫైలులో ఉండేవి యంత్రానికి ఇచ్చిన ఆదేశాలు. హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ తన ప్లాటర్ల కోసం 1970ల చివరిలో రూపొందించిన హెచ్‌పీజీఎల్ అనే భాషను తర్వాత ఇతర తయారీదారులు కూడా అనుసరించారు కాబట్టి, ఇవాళ పాత డిస్కులలో పీఎల్‌టీ అనే తోకతో దొరికే ఫైళ్ళలో ఎక్కువ భాగం ఆ భాషలోనే ఉంటాయి. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూస్తే ‘ఐఎన్; ఎస్‌పీ1; పీయూ400,400; పీడీ4400,400;’ వంటి వరుసలు కనబడతాయి. యంత్రాన్ని మొదటి స్థితికి తెచ్చుకో, ఒకటో పెన్ను తీసుకో, పెన్ను ఎత్తి ఫలానా బిందువు దగ్గరికి వెళ్ళు, పెన్ను దించి అక్కడి నుంచి అడ్డంగా 4000 యూనిట్లు గీయి అని దాని అర్థం. ఆ ఒకటో పెన్ను నలుపో ఎరుపో, దాని మొన 0.3 మిల్లీమీటర్లో 0.7 మిల్లీమీటర్లో ఆ వరుసలో ఎక్కడా లేదు. కాగితం ఏ సైజో కూడా చాలా ఫైళ్ళలో ఉండదు. ఆపరేటర్ ఏ గడిలో ఏ పెన్ను బిగించాడు, ట్రేలో ఏ కాగితం పెట్టాడు, ముందున్న మీటలతో ఏం అమర్చాడు అన్నవి ఫైలు బయటే ఉండిపోయాయి. ఆ సమాచారాన్ని మనం అందించకపోతే కన్వర్టర్ తనకు తోచింది వేసుకుంటుంది.

ముందుగా స్కేలు సంగతి. హెచ్‌పీజీఎల్‌లో ఒక యూనిట్ అంటే 0.025 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 40, అంగుళానికి 1016. ప్రింటర్‌కు పేజీని వర్ణించే పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషలోనూ పీడీఎఫ్‌లోనూ అంగుళానికి 72 పాయింట్లు. కాబట్టి ప్లాటర్ యూనిట్లను 72తో గుణించి 1016తో భాగించాలి. మీ వ్యాసంలో లెక్క సులువుగా ఉంటుందని కాబోలు, అంగుళానికి 1000 యూనిట్లని ఇచ్చారు. దాన్ని నమ్మి ఎవరైనా సొంతంగా ప్రోగ్రాం రాసుకుంటే, పైన చెప్పిన 4000 యూనిట్ల గీత 100 మిల్లీమీటర్లకు బదులు 101.6 మిల్లీమీటర్లు వస్తుంది. 1:50 స్కేలులో గీసిన భవనం ప్లానులో 5 మీటర్ల గోడ 5 మీటర్ల 8 సెంటీమీటర్లు అవుతుంది. ఆ అంకెను దయచేసి సవరించి ప్రచురించగలరు.

‘కాగితానికి సరిపడేలా’ అన్న సలహా ఇంకా ప్రమాదకరం. లేజర్ ప్రింటర్ కాగితం అంచులదాకా ముద్రించలేదు; చుట్టూ సుమారు 4 మిల్లీమీటర్ల మేర ఖాళీ వదులుతుంది. పీడీఎఫ్ చూసే సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీలో ఇమడడానికి డ్రాయింగును, మనం అడగకుండానే, కొద్దిగా కుదిస్తుంది. నూటికి 97 పాళ్ళకు కుదించిందనుకుందాం. అప్పుడు అదే గోడ 4 మీటర్ల 85 సెంటీమీటర్లు. పైన చెప్పిన 1000 యూనిట్ల పొరపాటు, ఈ కుదింపు ఒకే కాగితం మీద కలిశాయంటే గీత 98.5 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. స్కేలు పెట్టి చూసినవాడు ఈ మాత్రం తేడా ప్రింటర్‌దేలే అని సరిపెట్టుకుంటాడు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకున్నప్పుడు పట్టుకోవడం చాలా కష్టం. ముద్రణ పెట్టెలో ‘అసలు పరిమాణం’ అన్నదాన్ని ఎంచుకోవడం ఒక్క క్షణం పని. అలా ఎంచుకుంటే డ్రాయింగు కాగితంలో పట్టదనుకుంటే పెద్ద కాగితం వాడాలి, లేదా ఎంత శాతానికి కుదించామో ఆ షీటు మీదే స్పష్టంగా రాయాలి.

ఇంతకంటే లోతైన చిక్కు ఒకటుంది. పీ1, పీ2 అనే రెండు మూలబిందువులు ప్లాటర్ కాగితం మీద ఒక చట్రాన్ని నిర్ణయిస్తాయి. 1980లలో విరివిగా వాడిన హెచ్‌పీ 7475ఏ అనే ఆరు పెన్నుల ప్లాటర్‌లో ఏ4 కాగితం పెడితే, పీ1 స్థానం 603,521. పీ2 స్థానం 10603,7721. అంటే అడ్డం 10000 యూనిట్లు, నిలువు 7200 యూనిట్లు. కొలతలో చెప్పాలంటే 250 మిల్లీమీటర్లు, 180 మిల్లీమీటర్లు. ఫైలులో ‘ఎస్‌సీ0,100,0,72’ అని ఉంటే ఆ చట్రాన్ని అడ్డంగా 100 భాగాలు, నిలువుగా 72 భాగాలు చేసి ఇకమీదట ఆ భాగాలలోనే లెక్కించు అని అర్థం. అసలు ప్లాటర్‌లో ఒక్కో భాగం రెండు దిశలలోనూ సరిగ్గా 2.5 మిల్లీమీటర్లు వస్తుంది. ఇదే ఫైలును లేజర్ ప్రింటర్‌కు మార్చే సాఫ్ట్‌వేర్, పీ1 పీ2లను తన పేజీ మూలలుగా భావించి, 270 మిల్లీమీటర్ల అడ్డం, 190 మిల్లీమీటర్ల నిలువు ఉన్న చట్రం వేసుకుంటే, అడ్డం భాగం 2.7 మిల్లీమీటర్లు, నిలువు భాగం సుమారు 2.64 మిల్లీమీటర్లు అవుతుంది. డ్రాయింగు పెద్దదవడమే కాకుండా రెండు దిశలలో రెండు రకాలుగా పెరుగుతుంది, వృత్తాలు దీర్ఘవృత్తాలవుతాయి. రెండు దిశల మధ్య తేడా రెండు శాతానికి కాస్త పైన మాత్రమే కాబట్టి కంటికి ఆనదు. గీతలు తెంపులు తెంపులుగా వచ్చే విధానంలో ఒక్కో తెంపు ఎంత పొడవుండాలో, గళ్ళు నింపే సన్నగీతల మధ్య ఎంత ఎడం ఉండాలో కూడా, ఫైలు విడిగా చెప్పనప్పుడు, ఈ పీ1 పీ2ల మధ్య ఐమూల దూరంలో ఇంత శాతమని లెక్కగడతారు. కాబట్టి చట్రం మారితే అవీ మారతాయి.

దీనికి విరుగుడు సులువైనదే. ఫైలు ఏ ప్లాటర్ కోసం, ఏ కాగితం కోసం తయారైందో తెలుసుకుని, మొదట్లో ఉన్న ‘ఐఎన్’ తర్వాత పీ1, పీ2 స్థానాలను ఖాయం చేసే ‘ఐపీ603,521,10603,7721;’ వంటి ఒక్క వరుస చేర్చితే, కన్వర్టర్ సొంత ఊహకు చోటు ఉండదు. ‘ఐఎన్’ ముందు చేరిస్తే ఫలితం లేదు, ఎందుకంటే ఆ ఆదేశం అంతకుముందు అమర్చినదాన్ని తుడిచేస్తుంది. కొన్ని ఫైళ్ళలో నడుమ మరోసారి ‘ఐఎన్’ వస్తుంది. అక్కడ కూడా చేర్చాలి. పెద్ద సైజు ప్లాటర్లలో కొన్నింటికి సున్నా బిందువు కాగితం నడిమధ్యన ఉండేది. ఆ ఫైళ్ళలో రుణ సంఖ్యలు కనిపిస్తాయి. సున్నా బిందువు ఎడమ కింది మూలలో ఉందని అనుకునే కన్వర్టర్‌కు అలాంటి ఫైలు ఇస్తే కుడివైపు పై పావు భాగం మాత్రమే కాగితం మీదికి వస్తుంది. ఇది మాత్రం మంచి రకం తప్పు, చూడగానే తెలిసిపోతుంది.

లేజర్ ప్రింటర్లకు ప్లాటర్ భాష నేరుగా తెలుసు కదా అని కొందరు అడుగుతారు. ఆ మాట కొంతవరకే నిజం. 1984లో వచ్చిన మొదటి లేజర్‌జెట్‌కు ఆ భాష తెలియదు. దానిలో 128 కిలోబైట్ల మెమరీ మాత్రమే ఉండేది. ఏ4 పేజీ మొత్తం అంగుళానికి 300 చుక్కల చొప్పున నింపాలంటే 10 లక్షల బైట్లకు పైగా కావాలి. అందుచేత ఆ రోజుల్లో ప్లాటర్ ఫైలును కంప్యూటర్‌లోనే చుక్కలుగా మార్చి, నిండు పేజీ డ్రాయింగైతే అంగుళానికి 75 చుక్కల దగ్గర ఆపి పంపేవారు. చాలా కార్యాలయాల బీరువాలలో మెట్లు మెట్లుగా కనిపించే ఏటవాలు గీతల ప్రింట్లు ఆ కాలానివే. వాటిని స్కాన్ చేసి ‘అసలు ప్రతి’ అని భద్రపరచడం నేను చూశాను. పీఎల్‌టీ ఫైలు చేతిలో ఉండగా ఆ పని చేయడం అనవసరం.

1990లో వచ్చిన లేజర్‌జెట్ త్రీ, పీసీఎల్ 5 అనే ప్రింటర్ భాషతో పాటు హెచ్‌పీజీఎల్ 2ను కూడా అర్థం చేసుకుంది. ఫైలు ముందు ఎస్కేప్ అక్షరం, శాతం గుర్తు, సున్నా, పెద్ద బీ అక్షరం చేర్చితే ప్రింటర్ ప్లాటర్ భాషలోకి మారుతుంది. చివర ఎస్కేప్, శాతం గుర్తు, సున్నా, పెద్ద ఏ చేర్చితే మళ్ళీ తన భాషలోకి వస్తుంది. పీసీఎల్ 5 తెలిసిన ప్రింటర్లలో ఈ పద్ధతి నేటికీ పనిచేస్తుంది. కాని అది రెండో తరం భాష, మొదటి తరం ఫైళ్ళన్నీ దానిలో ఉన్నదున్నట్టు నడవవు. పాత ప్లాటర్‌లో ఆపరేటర్ చేత్తోనే పెన్ను ఎంచుకుని ఉంటే ఫైలులో ‘ఎస్‌పీ’ ఆదేశమే ఉండకపోవచ్చు. అలాంటి ఫైలును లేజర్ ప్రింటర్‌కు పంపితే, పెన్ను ఎంచుకోలేదు కాబట్టి, తెల్ల కాగితం బయటికి వస్తుంది. ఫైలు పాడైపోయిందని నిర్ణయించేముందు ‘ఎస్‌పీ1;’ చేర్చి చూడాలి. ప్లాటర్‌కు కంప్యూటర్‌కు నడుమ తీగ మీద జరిగే సంభాషణ కోసం ఎస్కేప్, చుక్క గుర్తులతో మొదలయ్యే ఆదేశాలు కొన్ని ఫైళ్ళ తలభాగంలో ఉంటాయి. లేజర్ ప్రింటర్‌కు అవి అక్కర్లేదు; తీసేయకపోతే కాగితం మీద పిచ్చి అక్షరాలుగా తేలవచ్చు. ఇక తక్కువ ఖరీదు ప్రింటర్లలో చాలావాటికి ఏ భాషా రాదు, కంప్యూటర్‌లోని డ్రైవరే పేజీని చుక్కలుగా చేసి పంపుతుంది. వాటికి పీడీఎఫ్ దారి ఒక్కటే ఉంది. హెచ్‌పీజీఎల్ ఫైళ్ళను మార్చడానికి గ్నూ వారి హెచ్‌పీ2ఎక్స్‌ఎక్స్, రెండో తరం ఫైళ్ళకు ఘోస్ట్‌పీసీఎల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఎక్కడో ఉన్న సర్వర్‌కు డ్రాయింగులు ఎక్కించి మార్పించుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

అక్షరాల విషయంలో ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. ‘ఎల్‌బీ’ అనే ఆదేశం తర్వాత వచ్చేదంతా ప్లాటర్ రాతగా గీస్తుంది. రాత అయిపోయిందని చెప్పేది సెమికోలన్ కాదు, కంటికి కనిపించని ఒక నియంత్రణ అక్షరం, అక్షరాలకు అంకెలు కేటాయించే ఆస్కీ పట్టికలో దాని విలువ 3. ఫైలును వర్డ్ ప్రాసెసర్‌లో తెరిచి, పేరు సరిచేసి, భద్రపరిచినప్పుడు ఆ అక్షరం రాలిపోయే ప్రమాదం ఉంది. అది రాలిపోయిన తర్వాత వచ్చే గీతల ఆదేశాలన్నీ గీతలు కావు. ‘పీయూ, పీడీ’ అంటూ అంకెలతో సహా డ్రాయింగు మీద అడ్డంగా రాతలుగా పడతాయి. కాబట్టి నియంత్రణ అక్షరాలను చూపించే ఎడిటర్‌లోనే, అదీ నకలు ఫైలు మీద, మార్పులు చేయాలి. ఇలాంటిదే ఇంకొకటి: పీసీఎల్‌గా మార్చిన ఫైలును పాత పద్ధతిలో డాస్ కాపీ ఆదేశంతో ప్రింటర్‌కు పంపేవారు, ఫైలు ముగిసేదాకా పంపమని చెప్పే స్లాష్ బీ చేర్చకపోతే, విలువ 26 ఉన్న మొదటి బైటు దగ్గర పంపడం ఆగిపోయి సగం పేజీయే వస్తుంది.

నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ నష్టం జరుగుతున్నది పెన్నుల విషయంలో. మందపాటి గీత గోడకు, సన్న గీత కొలతకు, ఎరుపు విద్యుత్తుకు, నీలం నీటి గొట్టానికి అని ఏ కార్యాలయం పద్ధతి దానికి ఉండేది. ఫైలులో ఇవన్నీ 1, 2, 3, 4 అంకెలు మాత్రమే. నలుపు తెలుపు లేజర్ ప్రింటర్ వాటన్నింటినీ ఒకే నల్ల గీతగా ముద్రిస్తుంది. రెండో తరం భాషలో మందం చెప్పకపోతే ప్రతి గీతా 0.35 మిల్లీమీటర్లు వస్తుంది. కొన్ని కన్వర్టర్లు గీతను ఒక్క చుక్క మందంతో వేస్తాయి: అంగుళానికి 300 చుక్కల ప్రింటర్‌లో అది 0.085 మిల్లీమీటర్లు, 1200 చుక్కల ప్రింటర్‌లో 0.02 మిల్లీమీటర్లు. ప్రింటర్ ఎంత మంచిదైతే గీత అంత కనిపించకుండా పోవడం ఇక్కడి విడ్డూరం.

అందువల్ల మార్చే ముందు పెన్నుల పట్టిక రాసుకోవడం తప్పనిసరి. అంతర్జాతీయంగా డ్రాయింగులలో వాడే 0.18, 0.25, 0.35, 0.5, 0.7 మిల్లీమీటర్ల మందాల వరుస ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఏ3 డ్రాయింగును ఏ4కు కుదించినప్పుడు 0.5 గీత 0.35కు, 0.35 గీత 0.25కు దిగేలా ఆ వరుసను కూర్చారు. రంగులను మందాలుగానో, తెంపుల గీతలుగానో మార్చేటప్పుడు ఏ రంగుకు ఏది పెట్టామో షీటు మూలలో సూచిక రాయాలి. అంగుళానికి 300 చుక్కల ప్రింటర్‌లో 0.18 గీతకు రెండు చుక్కలు, 0.25 గీతకు మూడు చుక్కలు వస్తాయి. ఒక్క చుక్క తేడాతో రెండింటినీ వేరుచేసి చూడడం కష్టం కాబట్టి ఈ పనికి కనీసం 600 చుక్కల ప్రింటర్ వాడాలన్నది నా అభిప్రాయం. రంగుల లేజర్ ప్రింటర్ ఉన్నవారికి సగం బాధ తప్పుతుంది గాని, మందాల పట్టిక వారికీ కావాలి.

ఇవన్నీ సరిచూసుకోవడానికి నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. మార్చబోయే ఫైలు చివర అడ్డంగా 4000 యూనిట్లు, నిలువుగా 4000 యూనిట్లు ఉన్న రెండు గీతలు, వాటి పక్కన ఒక్కో పెన్నుతో ఒక్కో చిన్న గీత చేర్చాలి. ఫైలులో ‘ఎస్‌సీ’ ఉంటే ముందు దాన్ని రద్దు చేసే ఖాళీ ‘ఎస్‌సీ;’ పెట్టాలి; లేకపోతే ఆ 4000 కూడా భాగాల లెక్కలోకి పోతుంది. ముద్రించిన కాగితం మీద స్టీలు స్కేలుతో రెండు గీతలనూ కొలవాలి. రెండు దిశలూ విడివిడిగా కొలవడం ఎందుకంటే, లేజర్ ప్రింటర్‌లో కాగితం వేడి రోలర్ల నడుమ నుంచి వెళుతూ తేమ కోల్పోయి కాస్త కుంచించుకుంటుంది, రెండు దిశలలో ఒకేలా కుంచించుకోదు. ఆ తేడా చాలా చిన్నది. స్కేలు తప్పినప్పుడు వచ్చే తేడా అంతకంటే ఎంతో పెద్దది, కాబట్టి రెండింటినీ ఇట్టే వేరుచేయవచ్చు. ఈ గీతలు షీటు మీద శాశ్వతంగా ఉంటే, రేపు దాన్ని ఎవరైనా జిరాక్స్ తీసుకున్నా ఎంత కుదించుకుపోయిందో వారికీ తెలుస్తుంది.

పెన్నుల పట్టిక ఎక్కడా దొరకని ఫైళ్ళు కూడా ఉంటాయి. అప్పుడు అదే కార్యాలయం సిరాతో తీసిన పాత ప్లాట్ ఒక్కటి దొరికినా చాలు. కొలత గీతలున్న భూతద్దంతో దాని మందాలు చూసి పట్టిక తిరిగి కట్టవచ్చు, ఒకే ఆపరేటర్ సాధారణంగా ఒకే అమరిక వాడేవాడు కాబట్టి మిగతా ఫైళ్ళకూ అది చాలావరకు సరిపోతుంది. అదీ లేనప్పుడు మందాలు మనం ఊహించి పెట్టినవని షీటు మీద రాయాలి. అసలు పీఎల్‌టీ ఫైలును, చేర్చిన వరుసలున్న నకలును, పట్టికను, పీడీఎఫ్‌ను ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో ఉంచాలి. పీడీఎఫ్ ఒక్కటే ఉంచి తక్కినవి తీసేయమని మీ వ్యాసంలో ఇచ్చిన సలహాను మాత్రం పాఠకులు పాటించవద్దని మనవి.

భవదీయుడు,
ఒక డ్రాయింగ్ విభాగ ఉద్యోగి